ఎల్లంపల్లిలో సాల్మన్ పట్టే పద్ధతి

రిటైరైన సింగరేణి కార్మికుడికి రెండే దారులు. ఒకటి, కరీంనగర్‌లో ప్లాటు కొని దాని చుట్టూ ప్రహరీ కట్టించుకుంటూ బతకడం. రెండోది, చేపలు పట్టడం. ప్లాటు సంగతి చెప్పడానికి గోదావరిఖని లక్ష్మీనగర్‌లో ప్రతి టీకొట్టు ముందర ఒక బ్రోకరు ఉంటాడు. చేపల సంగతి సరిగ్గా చెప్పేవాళ్లే లేరు. ఉన్నవాళ్లంతా ఎర్రలు, పిండిముద్ద, కప్పపిల్ల అంటూ తాతలనాటి ముచ్చట్లే తిప్పితిప్పి చెప్తారు. నా మేనల్లుడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఉంటాడు. అక్కడి పెద్ద సరస్సుల్లో తీగ గాలంతో, నీళ్లలోకి మునిగే పలకతో సాల్మన్ చేపల్ని ఎట్లా పడతారో వాడు వీడియో కాల్‌లో చూపించాడు. ఆ విద్యను మన గోదావరికి ఎట్లా అన్వయించుకోవాలో, తోటి కార్మికుల మేలు కోరి రాస్తున్నాను.

గోదావరిలో సాల్మన్ ఉండదు కదా అని మొదట్లోనే అడ్డం పడేవాళ్లుంటారు. 1966కు ముందు మిషిగన్ సరస్సులో కూడా దాని జాడ లేదు. ఏల్‌వైఫ్ అనే చిన్న చేప అక్కడ అంతులేకుండా పెరిగి, చచ్చి, ఒడ్లమీద గుట్టలు పడి కంపు కొడుతుంటే, దాన్ని తినే పెద్ద నోరు కావాలని అక్కడి ప్రభుత్వం పసిఫిక్ వైపు నుంచి కోహో సాల్మన్‌ను తెచ్చి ఆ ఏడాది పిల్లల్ని వదిలింది. మరుసటేడు చినూక్ అనే ఇంకో పెద్ద రకాన్ని వదిలింది. మన ప్రభుత్వం మాత్రం తక్కువ తిన్నదా? 2016 నుంచి చెరువుల్లో, రిజర్వాయర్లలో ఉచితంగా చేపపిల్లల్ని వదిలింది. ఆ పాలిథిన్ సంచుల్లో బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగ తప్ప ఇంకేమీ లేవని ఒక్కొక్క పిల్లనూ పట్టి చూసిందెవరు? పిల్లల లెక్క మీదనే ఎక్కడో ఒకచోట లొల్లి నడుస్తుంటుంది. లెక్క తేలని చోట ఆశకు జాగా ఉంటుంది.

పైసలు

లాభాల వాటా పడగానే మొదలుపెట్టాలి. 2023-24 లాభాల్లో విస్తరణకు తీసిపెట్టింది పోను మిగిలినదాంట్లో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు పంచారు. సగటున మనిషికి 1.90 లక్షలు. అవి ఖాతాలో పడ్డ సాయంత్రమే బిడ్డ ఫీజని, తమ్ముడి అప్పని, అత్తగారింట్లో బోరని నాలుగు దిక్కుల నుంచి మీ మీదికే గాలాలు పడతాయి. అంతకుముందే మీ గాలం కొనేయండి. అదే ఏడు కాంట్రాక్టు కార్మికులకు మొట్టమొదటిసారి 5 వేలిచ్చారు. ఆ అన్నలు ఈ వ్యాసం ఇక్కడితో ఆపేయవచ్చు, 5 వేలకు రీలు పిడి కూడా రాదు.

సామాను అమెరికా నుంచే రావాలి. 23 కిలోల పెట్టెలో పిల్లలకు చాక్లెట్లు, మీ మరదలికి విటమిన్ గోలీలు తీసేయించండి. ఆ జాగాలో నికెల్, రాగి కలిపిన మోనెల్ తీగ ఒక చుట్ట, ఏడు పోగుల స్టెయిన్‌లెస్ తీగ ఇంకో చుట్ట పెట్టించండి. సీసం నింపిన దారం కూడా దొరుకుతుంది. ప్రతి 10 గజాలకు రంగు మారుతుంది, ఎంత వదిలామో రంగు చూసి లెక్క పెట్టుకోవచ్చు. ఆ లెక్క చూసేసరికే ఎల్లంపల్లి ప్రాజెక్టులో మీ తెప్ప అవతలి ఒడ్డుకు తగులుతుంది. అయినా తెప్పించండి. పొట్టి, గట్టి రాడ్డు. నీళ్లలోకి మునిగే పలకలు, అంటే డైవర్లు, గుండ్రటివి కొన్ని, చతురస్రంవి కొన్ని. ఎరలాగా మెరిసే స్పూన్లు ఒక డబ్బా. మొత్తం కలిపితే ఒక పాత టీవీఎస్ ఎక్స్‌ఎల్ ఖరీదవుతుంది. ఆ బండితో కూడా పనుంది, కింద చెప్తాను.

తీగ

ఇక్కడ మనల్ని కొట్టేవాడు లేడు. నైలాన్ దారం లావుగా, తేలికగా ఉంటుంది, నీళ్లు దాన్ని పైకి నెడతాయి, పైగా సాగుతుంది. తీగ సన్నగా, బరువుగా ఉంటుంది, తనంతట తనే కిందికి దిగుతుంది. అసలే సాగదు కాబట్టి 100 మీటర్ల అవతల చేప మూతి తగిలినా రాడ్డు చివర తెలుస్తుంది. ఈ రెండు మాటలూ నిజమే. ఇంక్లైన్‌లో హాలేజ్ రోప్ మీద చెయ్యి పెట్టి, అడుగున టబ్బులు పట్టాల మీద ఉన్నాయో, పక్కకు దిగాయో చెప్పినవాళ్లం మనం. మనకు ఇంకొకరు తీగ గురించి చెప్పాల్నా?

అందుకే అమెరికావాళ్ల కొన్ని జాగ్రత్తలు మనకు అవసరం లేదు. తీగ రాడ్డు రింగుల్ని కోసేస్తుందని వాళ్లు రోలర్లున్న రింగులు వేస్తారు. అవి వద్దు. రోలర్లు లేకుండా రోప్ నడిపితే తిట్టడానికి బాయిలో ఓవర్‌మెన్ ఉంటాడు, గోదావరి మీద లేడు. రింగుకు గాడి పడితే తీగ దారి తప్పకుండా అదే గాట్లో నడుస్తుంది, ఇంకా నయం.

మెలి పడిందనుకోండి. మోనెల్ తీగ ఒకసారి మెలి తిరిగి ముడి బిగిసిందంటే ఆ చోట అది చచ్చినట్టే, ఆ కాడికి కోసి పారేయాలి అంటారు. రోప్ స్ప్లైసింగ్ తెలిసిన చెయ్యి ఇంత పిరికిగా ఉంటదా? మెలి పడ్డచోట కటింగ్ ప్లేయర్‌తో నొక్కి, సాపు చేసి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టండి. తీగ విసిరినప్పుడు టేపు కాడ ఆగుతుంది, అక్కడే తెగుతుంది. తెగిన చోటు ఏదో ముందే తెలిసి ఉండటం ఎంత సదుపాయం!

గ్లౌజులు వద్దు. తీగ చెప్పే ముచ్చట వేలికి తెలియాలి. తెలుస్తుంది, ఎముక దాకా తెలుస్తుంది. డ్రెస్సింగ్ చేసే సిస్టరమ్మ ఏమైందని అడిగితే సాల్మన్ అని చెప్పండి. కుక్క అనుకొని ఆమె ఇంజెక్షన్ తయారు చేసేలోపు విషయం వివరించవచ్చు.

ఒక్క మాట మాత్రం నిజంగా చెప్తున్నాను: ఈ ప్రాంతంలో ఎటు చూసినా కరెంటు లైన్లే. వాటి కింద తీగ విసరద్దు, రాడ్డు ఎత్తద్దు. మిగతా సలహాలకు మీదే బాధ్యత.

లోతు

సాల్మన్‌కు చల్లటి నీళ్లు కావాలి, 10 నుంచి 13 డిగ్రీలు ఉంటే దానికి పండుగ. ఎండాకాలం మిషిగన్ సరస్సులో పైనీళ్లు వేడెక్కితే, అది కింద చల్లటి పొరలోకి దిగిపోతుంది. అక్కడిదాకా స్పూను పోవాలనే డైవర్ కనిపెట్టారు. పడవ లాగుతుంటే నీళ్ల ఒత్తిడికి ఈ పలక తలకిందులుగా ఎగిరే గాలిపటంలా కిందికి, కిందికి పోతుంది. అడుగు చక్రం తిప్పి పెడితే ఎడమకో కుడికో కూడా పోతుంది. చేప కొట్టగానే దాని మీట విడిపోయి పలక అడ్డంగా పడుకుంటుంది, అప్పుడు పైకి లాగడం సులువు. నైలాన్‌కు ఆ మీట విడవడం కష్టం, మనం గుంజిన గుంజుడంతా దారం సాగడానికే పోతుంది. తీగకు ఒక్క గుంజుకే విడుస్తుంది. ఇంత అందమైన యంత్రం పెట్టుకొని, బెండు కట్టి ఎర్ర వేసుకొని కూర్చోమంటారా?

ఇక మన లోతు చూద్దాం. మిషిగన్ సరస్సు అత్యధిక లోతు 281 మీటర్లు. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 148 మీటర్లు. అంటే సగానికి పైనే ఉన్నాం. ఆ 148 లోతు కాదు, సముద్రమట్టం నుంచి ఎత్తు అని ఒక ఇంజనీరు సారు వెంటపడి చెప్పాడు. సముద్రం అంతర్వేది కాడ ఉంది, రామగుండంలో దానితో మనకేం పని?

మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఇంకా లోతుకు పోవాలి, తీగ ఇంకా వదలాలి. నిండితే 20.175 టీఎంసీలు పట్టే ప్రాజెక్టు ఇది. అందులోంచి హైదరాబాద్ తాగాలి, ఎన్టీపీసీ బాయిలర్లు తాగాలి, కాలువలు తాగాలి. జూన్ వచ్చేసరికి మిగిలిన నీళ్లలో డైవర్ రెండు బారలు దిగిందో లేదో నేలకు ముక్కు పెట్టి కొత్త ఇంక్లైన్ తవ్వడం మొదలుపెడుతుంది. కంగారు పడద్దు. తీగ ఇంకా వదలండి. బొగ్గు తగిలితే మేనేజరుకు చెప్పండి.

అప్పుడు పక్కన వల సర్దుకుంటున్న మత్స్యకార సొసైటీ తాత ఒకాయన అడుగుతాడు.

“ఏంది సారూ, ఏం పడ్తున్నవ్?”

“సాల్మన్.”

“గదేం తింటది?”

“చిన్న చేపల్ని తింటది. మెరిసేదాని వెంట ఉరుకుతది.”

“మరి మన రవ్వ ఉరకదు కదనే. బొచ్చె పైన మూతి తెరుచుకొని నీళ్లలున్న నలుసులు తింటది. రవ్వ నడుమల నాచు గీకుతది. మోసు అడుగున బురద నాకుతది. కూసున్న కాడ బువ్వ దొరికేదానికి ఉరుకుడెందుకు? ఉరికేదంటే వాలుగ ఉరుకుతది, కొర్రమట్ట ఉరుకుతది. కొర్రమట్ట గట్టు పొంటి తుంగల ఉంటది, నువ్వేమో నడి గంగల తీగ ఇడిశినవ్.”

ఇట్లాంటి మాటలు చెవిన పెట్టకండి. ఈయనకు లోతును బట్టి చేప మారుతుందని తెలుసు, ఏ చేప ఏం తింటుందో తెలుసు, ఏ నెలలో ఎటు వలసపోతుందో తెలుసు. డైవర్ సెట్టింగు మాత్రం తెలియదు.

పడవ

ట్రోలింగ్ అంటే పడవ నడుస్తుండగా ఎరను వెనక ఈడ్చుకుపోవడం. గంటకు 3 నుంచి 5 కిలోమీటర్ల వేగం, ఆగకుండా, ఒకే తీరుగా. అక్కడ దానికి ఇంజన్లు, కంప్యూటర్లు ఉన్నాయి. మనకు థర్మాకోల్ తెప్ప ఉంది. ఒక చేత్తో తెడ్డు, ఒక చేత్తో రాడ్డు, పళ్ల మధ్య బీడీ. డైవర్‌ను కుడికి పోయేట్టు పెట్టారనుకోండి, అది కుడికి పోతుంది, మీ తెప్ప కూడా కుడికే తిరుగుతుంది, కాసేపటికి మీ తీగ మీ వెనకనుంచి వచ్చి మీ ముందరికే చేరుతుంది. ఇది లోపం కాదు. చేప ఎటు తిరిగినా మీరే కనిపిస్తారు.

తెప్ప మీద నమ్మకం లేనివాళ్లకు ఎక్స్‌ఎల్ పద్ధతి. గోదావరిఖని నుంచి ఇందారం వైపు పోయే గోదావరి బ్రిడ్జి మీద బండి వెనక సీట్లో అడ్డంగా కూర్చోండి. నడిపేవాడు మొదటినుంచీ చివరిదాకా 5 కిలోమీటర్లు దాటకూడదు. రాడ్డు రెయిలింగ్ బయటికి, తీగ నీళ్లలోకి. దీపస్తంభం వచ్చిన ప్రతిసారీ రాడ్డు ఎత్తి దాటించాలి. వెనకనుంచి బొగ్గు లారీ హారన్ కొడుతూనే ఉంటుంది, దానివల్ల చేపలు బెదురుతాయనే భయం అక్కర్లేదు, చిన్నప్పటినుంచి వింటున్నవే. స్తంభానికి స్తంభానికి మధ్య దొరికే ఆ నాలుగు బారల దూరంలోనే సాల్మన్ నిర్ణయం తీసుకోవాలి.

ఈ పద్ధతికి స్వర్ణయుగం 2019 నుంచి 2023 వరకు. సుందిళ్ల బ్యారేజీ వెనకనీళ్లు వచ్చి, ఏడాదిలో సగం ఇసుక తేలే గంగ ఖని దగ్గర ఒడ్లు తన్నుకుంటూ నిలబడింది. జనం సాయంత్రాలు చూడటానికి పోయేవాళ్లు. 2023 అక్టోబర్ 21న కింద మేడిగడ్డ బ్యారేజీలో పిల్లర్లు కుంగాయి, ఆ తర్వాత పై బ్యారేజీల నీళ్లనూ వదిలేశారు. వానలు వెనకబడ్డాక బ్రిడ్జి కింద మళ్లీ ఇసుకే. ఆ రోజుల్లో కొనని డైవర్‌కు ఇప్పుడు ఏడ్చి లాభం లేదు.

నీడ

చల్లదనం కావాలంటే లోతుకే పోనవసరం లేదు, నీడకు కూడా పోవచ్చు. ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 500 ఎకరాల్లో సోలార్ పలకలు తేలుతున్నాయి. 100 మెగావాట్లు, 40 బ్లాకులు, 2022 జూలైలో పూర్తిగా నడకలోకి వచ్చింది. జిల్లా మొత్తంలో మే మధ్యాహ్నం అంత నీడ ఇంకెక్కడుంది? ఆ పలకల కిందనుంచి డైవర్‌ను పోనిచ్చి చూడండి. బ్లాకులు కొట్టుకుపోకుండా నీటి అడుగున బరువులకు తాళ్లతో కట్టి ఉంచారు. మీ తీగ ఒక తాడుకు చుట్టుకుందంటే రాడ్డు విల్లులా వంగుతుంది, రీలు కేక పెడుతుంది. ఒక్కో బ్లాకు 2.5 మెగావాట్లు. ఈ జిల్లాలో గాలానికి అంతకంటే పెద్దది పడ్డట్టు ఎవరూ చెప్పలేదు. ఒడ్డున సీఐఎస్‌ఎఫ్ జవాన్లు మీకోసం ఎదురుచూస్తుంటారు. వాళ్లకు హిందీలో చెప్పుకోవాలి. సాల్మన్‌కు హిందీలో కూడా సాల్మనే అంటారు కాబట్టి మీ పని సగం అయిపోయింది.

తగిలిందనుకోండి

ఎల్లంపల్లి వెనకనీళ్లలో మీ డైవర్ ఊరికే తగులుతుంటుంది. నీళ్ల కింద ఊళ్లున్నాయి. మంచిర్యాల వైపు కర్ణమామిడి, ఇటు వెల్గటూరు వైపు చెగ్యాం, ఇంకా కొన్ని. మనుషులు పునరావాస కాలనీలకు పోయారు. గోడలు, బాయి గట్లు, చెట్ల మొద్దులు పోలేదు. డైవర్ మీట చేప కొట్టినా విడుస్తుంది, గోడ తగిలినా విడుస్తుంది. తేడా చెప్పడం నేర్చుకోవాలి అంటారు గానీ నేను ఒప్పుకోను. ప్రతి తగులుడునూ సాల్మన్ కింద రాసుకోండి, నోటుబుక్కు నిండుతుంది.

ఒకసారి తెప్ప నడుపుతున్న సొసైటీ తాత తెడ్డు ఆపి, తీగ ఎటు బిగిసిందో చూసి, నా మోచేతి మీద చెయ్యి వేశాడు.

“గుంజకు సారూ. అది మా వాకిట్ల చింతమొద్దు.”

చుట్టూ ఎటు చూసినా ఒకే తీరు నీళ్లు. ఏ గుర్తు చూసి చెప్తున్నావంటే ఒడ్డున దూరంగా ఉన్న గుట్టను, దానికి అడ్డంగా ఇంకోదాన్ని చూపించాడు. ఆ రెండూ కలిసే గీత మీద తన ఇంటి గడప, దానికి ఏడడుగుల్లో చింత. కోతకు మనిషిని పిలిచి బేరం కుదరక ఆగామని, మళ్లీ పిలిచేలోపు నీళ్లొచ్చాయని అన్నాడు. దాని కింద వాలుగలు కాపురం పెట్టినయట. ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు ఒకసారి కొమ్మ బయటపడితే పోయి కూర్చొని వచ్చాడట.

ఇట్లా ఉంటుంది మనవాళ్ల పద్ధతి. డైవర్ ఎన్ని మీటర్లు దిగిందో రాసుకుందామని నేను పెన్ను తీస్తే, ఆయన చెట్టు సంగతి తెచ్చాడు. తర్వాత ఆయనే చొక్కా విప్పి, నీళ్లలోకి దిగి, నా డైవర్‌ను మొద్దు నుంచి విడిపించి తెచ్చాడు. వస్తూ వస్తూ చేతికి దొరికిన జెల్లను కూడా తెప్పలోకి విసిరాడు. నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, అది తీగకు పడ్డది కాదు.

వంట

సాల్మన్‌కు ఉప్పు, మిరియాలు, నిమ్మరసం చాలు, సగం ఉడికితే చాలు అని మేనల్లుడు రాశాడు. మృగశిర కార్తె నాడు, అంటే జూన్ 7నో 8నో, మార్కెట్‌లో చేప ధర ఆకాశంలో ఉన్నప్పుడు ఈ వంటకాన్ని ఇంట్లో ప్రతిపాదించి చూడండి. చింతపండు పులుసు, మెంతిపొడి, వెల్లుల్లి లేకుండా సగం ఉడికిన చేపను పళ్లెంలో పెడితే మా ఇంటావిడ ఏమన్నదో ఈ పత్రికలో అచ్చు వేయరు.

రాబోయే కాలం

ఓపికపట్టేవాళ్లకు అసలైన జాగా ఇంకొకటి ఉంది. పాత ఓపెన్‌కాస్ట్ గుంతలు. గోదావరిలో లేని లోతు సింగరేణి తవ్విన గుంతలో ఉంది, ఊరి బిల్డింగులు తీసి అందులో పెట్టినా పైన నీళ్లు మిగులుతాయి. పైన వేడినీళ్లు, అడుగున చల్లటి నీళ్లు, అచ్చం మిషిగన్. ఎస్ అండ్ పీసీ గార్డు అడ్డుకుంటాడు గానీ, అతను కూడా మీలాగే త్వరలో రిటైరవుతాడు.

మేడిపల్లి ఓసీపీ గుంతలో పంప్డ్ స్టోరేజ్ కరెంటు ప్లాంటు పెట్టాలని సింగరేణి ఆలోచిస్తున్నది. కరెంటు మిగిలినప్పుడు నీళ్లను పైకి తోడి పెట్టుకుంటారు, కరెంటు కావాల్సినప్పుడు టర్బైన్ల మీదుగా కిందికి వదులుతారు. ఇందులో ఉన్న మేలు ఇంజనీర్లకు తట్టలేదు. అక్కడ తెప్ప వద్దు, ఎక్స్‌ఎల్ వద్దు. ఒడ్డున కుర్చీ వేసుకొని డైవర్ వదిలి కూర్చుంటే నీళ్లే నడుస్తాయి, ట్రోలింగ్ పని కంపెనీ చేసిపెడుతుంది. మధ్యాహ్నం సోలార్ కరెంటు దండిగా ఉన్నప్పుడు నీళ్లు పైకి పోతాయి, ఫస్ట్ షిఫ్టు దిగినవాళ్లు పైచెరువు కాడ కూర్చోవాలి. పొద్దుగూకినంక కిందికి వస్తాయి, అప్పుడు గుంత దగ్గర జాగా పట్టాలి. మధ్యలో సాల్మన్ టర్బైన్‌లోంచి వచ్చిందంటే ముక్కలు కోసే బాధ కూడా తప్పుతుంది. పొలుసు మాత్రం మీరే తీసుకోవాలి.